శత్రుదేశపు జైలరు

జైళ్ల శాఖ ఐజీ త్రివిక్రమరావు గారికి ఆ వేసవిలో ఆటలమ్మ పోసింది. వేపాకుల మీద పడుకుని, ఒళ్లు గోక్కోకూడదని డాక్టరు చెప్పడంతో చేతులకు పనిలేక, ఆయన టీవీలో ఒక విదేశీ యుద్ధం సినిమా చూశారు. శత్రువులకు పట్టుబడ్డ సైనికులు జైల్లోనే కాపలావాళ్లతో ఫుట్‌బాల్ ఆడి గెలుస్తారు. సినిమా అయ్యేసరికి ఐజీ గారి కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. దురదకి తాళలేక కాబోలనుకుని ఆయన భార్య గంధం తీసి రాసింది. వారం తిరిగేసరికి ఆటలమ్మ తగ్గింది. ఆట తగ్గలేదు.

ఆయన ఆఫీసులో అడుగుపెట్టిన రోజే జైళ్లన్నింటికీ ఉత్తర్వు వెళ్లింది. "బంతిని తన్నవలసిన కాలు మనిషిని తన్నుట వలననే సమాజమున నేరము జనించుచున్నది. కావున ఖైదీలకు బంతిని సమకూర్చినచో నేరము తనంతట తానే అంతరించగలదు. ఈ విషయమై తీసుకున్న చర్యలను వెంటనే తెలియజేయవలెను."

సముద్రం ఒడ్డున ఉన్న ఒక సెంట్రల్ జైలుకు కూడా ఆ ఉత్తర్వు చేరింది. అక్కడి సూపరింటెండెంట్ చయనులు గారు పైనుంచి వచ్చిన మాటకు ఎందుకని అడిగి ఎరగరు. ఖైదీలు పెంచుకుంటున్న వంగతోటా బెండమళ్లూ ఒక్క పూటలో పీకించి మైదానం చేయించారు. ఆ రోజు నుంచి జైలు సాంబారులో ముక్క అనేది కనబడలేదు. "కూరగాయలు దేహాన్ని మాత్రమే పోషిస్తాయి. ఫుట్‌బాల్ వ్యక్తిత్వాన్ని పోషిస్తుంది" అని ఆయన ఖైదీలను ఎండలో నిలబెట్టి చెప్పారు. వ్యక్తిత్వం ఉన్నవాళ్లెవరూ నోరు విప్పలేదు.

ఆ జైల్లో బంతి ఆడడం వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు. అతని పేరు సూరాడ ఎల్లాజీ. హార్బర్‌లో బావమరిది బోటు మీద కళాసీ. చేపల వేలం దగ్గర తూకం గురించి మాటా మాటా పెరిగి, ఒక దళారి నెత్తిన ఐసుదిమ్మ పడేసి లోపలికొచ్చాడు. దళారి బతికి బట్టకట్టాడు. కొట్టిన ఆయుధం కరిగిపోయింది కాబట్టి సాక్ష్యం లేదని లాయరు గట్టిగానే వాదించాడు కానీ జడ్జి గారికి నచ్చలేదు. రెండేళ్లు వేశారు. బయట ఉన్నప్పుడు ఎల్లాజీ హార్బర్ జట్టుకి గోలు కాసేవాడు. వలలు లాగి లాగి మోటుదేరిన చేతులవి. బంతి ఆ చేతుల్లో పడిందంటే చచ్చిన చేపలా కదలకుండా ఉండేది.

ఎల్లాజీకి బంతి దొరికినందుకు సంతోషంగానే ఉంది. అంతకన్నా సంతోషం ఏమిటంటే, అతని శిక్ష వేట నిషేధం ముగిసే వారంలోనే ముగుస్తుంది. గుడ్లు పెట్టే కాలమని చేపల్ని ప్రభుత్వం కొన్నాళ్లు వదిలేస్తుంది. ఆ గడువు తీరాక మొదటి వేటకి వెళ్లే బోటులో చోటున్నవాడికే ఆ ఏడాదంతా చోటు. అతని భార్య గున్నమ్మ తమ్ముడితో పోట్లాడి మరీ ఆ చోటు పట్టి ఉంచింది.

ఈలోగా ఐజీ గారికి ఆట చాలలేదు. సినిమా కావాలనిపించింది. "మనవాళ్లు చూసి కంటతడి పెట్టాల్సింది మన సినిమానే" అని శాఖ తరఫునే యుద్ధం సినిమా ఒకటి తీయడానికి నిర్ణయించారు. మన సైనికులు శత్రుదేశపు జైల్లో బందీలై, కాపలావాళ్లతో ఫుట్‌బాల్ ఆడి గెలిచి, గోడ దూకి పారిపోతారు. ఫలానా దేశం అంటే విదేశాంగ శాఖ అనుమతి కావాలి కనుక శత్రువును "ఒకానొక దేశం" అన్నారు. ప్రభంజన్ అనే డైరెక్టరును పిలిచారు. అతను అంతకుముందు నీటి పొదుపు మీదా, దోమల మీదా చిత్రాలు తీసి పేరు తెచ్చుకున్నవాడు.

కథ విన్న చయనులు గారికి చెమటలు పట్టాయి. "సార్, గోడ దూకే సీను మన జైలు గోడ మీదే తీస్తారా?"

"సహజత్వం కావాలి కదండీ" అన్నాడు ప్రభంజన్.

"అలాగైతే గోడ దూకడాన్ని శాఖ ప్రోత్సహించినట్టవుతుంది."

ఐజీ గారు కళ్లు మూసుకుని ఆలోచించి తెరిచారు. "నిజమే. దూకరు. మ్యాచ్ గెలుస్తారు. శత్రువులు ముచ్చటపడి గేటు తెరుస్తారు. మన సైనికులు బయటికి చూసి, 'వద్దు, మా శిక్ష పూర్తి చేసుకునే వెళతాం' అని తిరిగి లోపలికి నడుస్తారు."

"యుద్ధఖైదీలకు శిక్షాకాలం అంటూ ఉండదు సార్" అని నసిగాడు ప్రభంజన్.

"మా శాఖ సినిమాలో ఉంటుంది."

తరువాత వేషాల సమస్య వచ్చింది. ఖైదీలు ఖైదీల వేషాలే వేస్తే బాగుంటుందని అందరూ అనుకున్నారు. న్యాయ విభాగం అడ్డుపడింది. ఈ కథలో ఖైదీలంటే మాతృభూమి కోసం పోరాడిన వీరులు. శిక్ష పడ్డ నేరస్థులు వీరుల వేషం వేస్తే వీరులకు అవమానం. సచ్చీలత గల ప్రభుత్వోద్యోగులే ఆ పాత్రలు ధరించాలి. జైల్లో ఉన్న ప్రభుత్వోద్యోగులు వార్డర్లు. మరి శత్రుదేశపు కాపలావాళ్లెవరు? నీచులు, క్రూరులు, చివరికి ఓడిపోయేవాళ్లు. ఆ వేషాలకు ఖైదీలను మించినవాళ్లు లేరని న్యాయ విభాగమే సలహా ఇచ్చింది.

ఆ విధంగా వార్డర్లు చిరుగుల బట్టలు కట్టుకుని బ్యారక్‌లోకి వెళ్లారు. ఖైదీలు సినిమా కంపెనీ నుంచి అద్దెకు తెచ్చిన బూట్లూ కోట్లూ తొడుక్కుని, లాఠీలు పట్టుకుని బయట నిలబడ్డారు. ఎల్లాజీ గోలు కాసే శత్రు నాయకుడు, అంటే శత్రుదేశపు జైలరు. అతని భుజాల మీద ఎన్ని ఇత్తడి నక్షత్రాలు కుట్టారంటే, వాటి ముందు చయనులు గారి భుజాలు బోసిగా కనిపించాయి. ఎదుటి జట్టుకి నాయకుడు చీఫ్ వార్డరు అప్పలకొండ. మనిషి మెట్లెక్కితేనే ఆయాసపడతాడు. మాతృభూమి కోసం పరిగెత్తాల్సొచ్చింది.

"ఒరే ఎల్లాజీ" అన్నాడతను మొదటి రోజే, పక్కకి పిలిచి. "నేను కొడతాను. నువ్వు కాస్త చూసీ చూడనట్టు వదిలెయ్యి."

"ఒగ్గీమంటే ఒగ్గీనేటి బాబూ? మీరు తన్నండి, సాలు" అన్నాడు ఎల్లాజీ.

కష్టమంతా ఆ తన్నడంలోనే వచ్చింది. అప్పలకొండ తన్నిన బంతి ఒకసారి వంటశాల మీద పడింది, ఒకసారి ప్రభంజన్ మీద పడింది. తక్కిన వార్డర్లు అంతకన్నా ఘనులు. ఎల్లాజీ గోలుకు ఈ చివర నిలబడ్డా, ఆ చివర నిలబడ్డా, చివరికి కూర్చున్నా బంతి లోపలికి పోలేదు. గోలు కాసేవాడే లేకుండా ఒక పూట ప్రయత్నించారు. అప్పుడూ పోలేదు. ఒక సాయంత్రం సముద్రం మీదినుంచి గాలి గట్టిగా వీచి బంతి దానంతట అదే దొర్లుకుంటూ లోపలికెళ్లింది కానీ, ఆ సమయానికి కెమెరామన్ టీ తాగుతున్నాడు.

ఎల్లాజీకి ఒళ్లు మండిపోయేది. గోలు వదలడం అతనికి చేతకాని పని. అయినా నేర్చుకుంటున్నాడు. ఇటు దూకాల్సిన బంతికి అటు దూకేవాడు. మోకాళ్లు దోక్కుపోయాయి. ఏదో ఒక రకంగా ఈ గోలు పడితే షూటింగ్ అయిపోతుంది, తను బోటెక్కుతాడు. కానీ బంతి వస్తేగా వదలడానికి?

గోలు పడకుండానే విడుదల రోజు వచ్చేసింది. ఎల్లాజీ పొద్దున్నే స్నానం చేసి, తన పాత లుంగీ చొక్కా వేసుకుని సూపరింటెండెంట్ గది ముందు నిలబడ్డాడు. చయనులు గారు లోపలికి పిలిచి, కుర్చీ చూపించారు. ఆ జైల్లో కుర్చీ చూపించారంటే మంచి కబురు కాదని అందరికీ తెలుసు.

"ఎల్లాజీ, నీ శిక్ష పూర్తయింది. శాఖ తరఫున అభినందనలు."

"సెలవిప్పించండి బాబూ."

"అక్కడే ఒక సూక్ష్మమైన అంశం ఉంది. సినిమాలో కంటిన్యుటీ అని ఒకటి ఉంటుంది. అంటే ఒక సీనులో ఉన్న మనిషి తరువాతి సీనులోనూ ఉండాలి. శత్రు జైలరు సగంలో మారిపోతే ప్రజలు గందరగోళపడతారు. విశాల ప్రజాప్రయోజనం దృష్ట్యా నువ్వు షూటింగ్ పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండవలసి ఉంటుంది."

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. "సిచ్చ అయిపోనాదని మీరే అన్నారు కదా బాబూ. అయిపోనాక ఖైదీని ఎలాగ ఉంచుతారు?"

చయనులు గారు ప్రసన్నంగా నవ్వారు. ఆ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. న్యాయ విభాగంతో ముందే మాట్లాడి పెట్టుకున్నారు.

"నిన్ను ఖైదీగా ఉంచడం లేదయ్యా. అది చట్టవిరుద్ధం. జైలరుగా ఉంచుతున్నాం. ఈ క్షణం నుంచి నువ్వు శత్రుదేశపు జైలరువి మాత్రమే."

"మరి గోలెప్పుడు పడతాది బాబూ?"

"అది క్రీడాకారుల ప్రతిభను బట్టి ఉంటుంది" అన్నారాయన. క్రీడాకారుల ప్రతిభ ఎల్లాజీ చూస్తూనే ఉన్నాడు.

బయట గేటు దగ్గర గున్నమ్మ ఎండలో కూర్చుని ఉంది. మగడిని ఇంటికి తీసుకుపోదామని వచ్చిన మనిషి, ములాఖత్ జాలీ అవతల నిలబడాల్సొచ్చింది. సంగతంతా వింది. తరువాత జాలీని రెండు చేతులా పట్టుకుంది.

"ఏటయ్యా, నీకు పిచ్చి పట్టీనాదా? బోట్లు రేపు తెల్లారగట్ల దిగుతాయి. అయిసు ఎక్కించీసినారు, డీజిలు పోసీసినారు. నువ్వు రాకపోతే మా తమ్ముడు ఇంకోడిని ఎక్కించుకుంటాడు. ఆడి దగ్గిర ఇంక నాను నోరెత్తలేను."

"నన్ను జైలర్ని సేసినారే" అన్నాడు ఎల్లాజీ దిగాలుగా.

"జైలరైతే మరీ మంచిది. జైలర్లు సాయంత్రమయ్యేసరికి ఇంటికి పోతారు కాదేటి? ఈ జైలరు ఎప్పుడు పోతాడో అడిగి రా" అని విసురుగా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఎల్లాజీ ఆ మాట పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ రోజే షూటింగ్‌కి మంత్రిగారు వస్తున్నారు. మ్యాచ్‌కి ముందు సీను తీయాలి. వీరులందరూ గదిలో బందీలై దేశభక్తి గీతం పాడతారు. శత్రు జైలరు వికటంగా నవ్వి తాళం వేస్తాడు. ఉత్తుత్తి తాళం తెస్తే ఐజీ గారు చీదరించుకున్నారు. "సహజత్వం! అసలు తాళం, అసలు గది, అసలు చెవి." అప్పలకొండ తన నడుముకున్న తాళంచెవుల గుత్తి విప్పి తన చేత్తోనే ఎల్లాజీకి ఇచ్చాడు. ఉద్యోగంలో చేరాక ఆ గుత్తి అతని ఒంటిమీది నుంచి వేరే మనిషి చేతికి వెళ్లడం అదే మొదలు. పాత్రల్లో ఉన్న వార్డర్లంతా లోపలికెళ్లారు. ఎల్లాజీ తాళం వేశాడు. నవ్వమంటే మాత్రం నవ్వు రాలేదు.

అంతలో మంత్రిగారి కారు ఊళ్లోకి వచ్చేసిందని కబురు. ఐజీ గారు, చయనులు గారు, ప్రభంజన్ దండలు పట్టుకుని ఎదురు వెళ్లాలి. వెళుతూ వెళుతూ ప్రభంజన్ శత్రుసేనకు గట్టిగా చెప్పాడు. "నేనొచ్చి కట్ అనేదాకా తాళం తియ్యకూడదు. వాళ్లు ఏడ్చినా, అరిచినా, పలకకూడదు. ఆ మూడ్ పోకూడదు. కెమెరా తిరుగుతూనే ఉంటుంది."

మంత్రిగారు దారిలో ఒక పెళ్లికీ, ఒక ప్రారంభోత్సవానికీ ఆగారు. దండలు ఊళ్లో నాలుగు రోడ్ల కూడలిలో వాడిపోతున్నాయి. గదిలో వీరులు గీతం పాడడం మానేసి చాలాసేపైంది. రేకుల కప్పు కింద ఒకరి మీద ఒకరు పడి ఉక్కిరిబిక్కిరవుతున్నారు. అప్పలకొండ ఊచల దగ్గరకొచ్చి మొహం ఆనించాడు.

"ఒరే ఎల్లాజీ, కాసిన్ని నీళ్లియ్యరా."

"డైరెట్రు బాబు కట్ అన్లేదండి" అన్నాడు ఎల్లాజీ. వెటకారం కాదు. అతను రెండేళ్లుగా ఆ జైల్లో నేర్చుకున్నదల్లా, పైవాళ్లు చెప్పకుండా చెయ్యి కదపకూడదనే. అది నేర్పిన మనిషే ఇప్పుడు ఊచల అవతల ఉన్నాడు.

"నేనురా! చీఫ్ వార్డర్ని!"

"ఇప్పుడు నాను జైలర్ని కదా బాబూ" అన్నాడు ఎల్లాజీ.

ఆ మాట అన్నాక అది తన చెవులకే కొత్తగా వినిపించింది. నిజమే, తను జైలరు. చయనులు గారు నోటితో చెప్పిన మాట. ఖైదీగా ఉంచడం చట్టవిరుద్ధమని కూడా ఆయనే చెప్పారు. గున్నమ్మ అడిగి రమ్మన్న ప్రశ్నకు జవాబు ఎవరినీ అడగక్కర్లేదనిపించింది. పక్కన లాఠీ పట్టుకుని నిలబడ్డ దొంగనోట్ల కాశీపతితో అన్నాడు.

"నా డూటీ అయిపోనాది. నానింటికెళ్తన్నాను."

"వెళ్లి రండి సార్" అన్నాడు కాశీపతి, వేషంలో లీనమైపోయి.

ఎల్లాజీ టోపీ సర్దుకుని గేటు వైపు నడిచాడు. మంత్రిగారి బందోబస్తుకని వేరే జైలు నుంచి తెచ్చిన కొత్త సెంట్రీ అక్కడ ఉన్నాడు. ఎండలో ధగధగ మెరుస్తూ వస్తున్న అన్ని నక్షత్రాలను అతను తన జన్మలో చూడలేదు. కాళ్లు రెండూ దగ్గరకు కొట్టి సెల్యూట్ చేశాడు. చిన్న తలుపు తీసి పట్టుకున్నాడు. ఎల్లాజీ కూడా సెల్యూట్ చేశాడు. మర్యాదకు మర్యాద.

తక్కిన శత్రుసేన ఒక్కడు కూడా కదల్లేదు. ఆ రోజు మంత్రిగారి పేరు చెప్పి వంటశాలలో కోడికూర వండుతున్నారు.

హార్బర్‌లో ఆ వేషాన్ని చూసి జనం హడలిపోయారు. నిషేధం తీరకముందే ఎవరైనా వల దించారేమోనని తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరనుకుని బావమరిది వలలు టార్పాలిన్ పట్టా కింద దాచి, తను మరో బోటు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. గున్నమ్మ ఒక్కతే తేరిపార చూసి గుర్తుపట్టింది. నవ్వు ఆపుకోలేక జెట్టీ మీద కూలబడింది. తెల్లవారుజామున బోటు సముద్రంలోకి దిగేటప్పుడు ఎల్లాజీ అందులోనే ఉన్నాడు.

జైల్లో మాత్రం పెద్ద కల్లోలం జరిగింది. మంత్రిగారొచ్చేసరికి ప్రభుత్వం తరఫున స్వాగతం పలకాల్సిన వార్డర్లంతా తాళం వెనక ఉన్నారు. చెవి లేదు. వెల్డింగ్ వాణ్ని పిలిపించి ఊచలు కోయించారు. మంత్రిగారు అదంతా సినిమాయే అనుకుని చప్పట్లు కొట్టారు.

చయనులు గారు ఖైదీలందరినీ వరసగా నిలబెట్టి లెక్క చూశారు. లెక్క సరిపోయింది. మళ్లీ చూశారు. మళ్లీ సరిపోయింది. ఎల్లాజీ ఆ ఉదయమే విడుదలైపోయాడు కనుక ఖైదీల్లో ఎవరూ తక్కువ కాలేదు. పారిపోయింది ఒకానొక దేశానికి చెందిన జైలరు. ఆ నేరానికి ఏ సెక్షన్ వర్తిస్తుందో చెప్పమని న్యాయ విభాగాన్ని అడిగారు. ఆ దేశం పేరు చెబితే గానీ చెప్పలేమని వాళ్లన్నారు. చివరికి, అర్హత లేని నక్షత్రాలకు సెల్యూట్ చేసినందుకు కొత్త సెంట్రీని సస్పెండ్ చేసి శాఖ ఊపిరి పీల్చుకుంది.

వేట నుంచి బోట్లు తిరిగొచ్చిన రోజున అప్పలకొండ జెట్టీ మీదికి వచ్చాడు. యూనిఫాం లేదు, మామూలు చొక్కా వేసుకున్నాడు. గున్నమ్మ అతన్ని చూడగానే కొంగు బిగించింది.

"గొడవకి రాలేదమ్మా. తాళంచెవులు ప్రభుత్వ ఆస్తి. అవి తీసుకుపోదామని వచ్చాను."

ఎల్లాజీ బోటులోంచి దిగివచ్చి గుత్తి తెచ్చి ఇచ్చాడు. "కోటు జేబులో ఉండిపోనాయి బాబూ. నడిసంద్రంలో గేపకమొచ్చింది. ఏటి సెయ్యను?"

అప్పలకొండ గుత్తిని నడుముకు కట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "ఎంత అరిచామో తెలుసా? ఒక్కడంటే ఒక్కడు పలకలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. కాశీపతి గాడు నా వైపే చూస్తూ, నన్ను చూడనట్టు నిలబడ్డాడురా. మనిషిని చూస్తూ చూడకుండా ఉండడం..." అని ఆగిపోయాడు.

"నీళ్లు నాను ఇయ్యాల్సింది" అన్నాడు ఎల్లాజీ మెల్లగా.

అప్పలకొండ తల అడ్డంగా ఊపాడు. తరువాత, వచ్చిన అసలు పని గుర్తుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "గోలింకా పడలేదు. నువ్వు లేక షూటింగ్ ఆగిపోయింది. నిన్ను రమ్మన్నారు సారు. కాకపోతే ఖైదీలకి, ఉద్యోగులకి తప్ప షూటింగ్‌లోకి అనుమతి లేదు. అందుకని..." అతనికి ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. "అందుకని చిన్న నేరమేదైనా చేసి రమ్మన్నారు. పెద్దదేం అక్కర్లేదట. నెలా రెండు నెలలు పడేదైతే చాలట. మిగతాది శాఖ చూసుకుంటుందన్నారు."

గున్నమ్మ కొంగు మళ్లీ బిగించింది. ఎల్లాజీకి మాత్రం కోపం రాలేదు. అతను అప్పలకొండ కాళ్ల వైపు చూశాడు.

"బాబూ, నిజం సెప్పండి. నానొచ్చి, గోలు ముందు తొంగున్నాననుకోండి. మీరు కొట్టగలరేటి?"

అప్పలకొండ నిజాయితీగా ఆలోచించాడు. "కొట్టలేను" అన్నాడు.

"మరింకెందుకు బాబూ నేరం?"

చీఫ్ వార్డరు ఎల్లాజీ లేకుండానే వెనక్కి వచ్చాడని తెలిసి ఐజీ గారు సమావేశం పెట్టారు. కొన్ని గంటల చర్చ తరువాత శాఖ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ నిర్ణయం ప్రకారం సినిమా పూర్తయింది. అన్ని జైళ్లలో విధిగా ప్రదర్శించారు. మ్యాచ్ సీనులో అప్పలకొండ బంతి వైపు పరిగెత్తుతాడు. అక్కడ తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు వస్తాయి: "ఈ సందర్భమున గోలు పడినట్లు పరిగణించవలెను." చప్పట్లు కొట్టమని ముందే ఆదేశాలున్నాయి కనుక ఖైదీలు చప్పట్లు కొట్టారు. సంస్కరణాత్మక చిత్రంగా దానికి బహుమతి కూడా వచ్చింది. బందీలు ఊచల వెనక నుంచి నీళ్ల కోసం అలమటించే దృశ్యంలో నటన అత్యంత సహజంగా ఉందని తీర్పరులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఐజీ గారు బహుమతి అందుకుంటూ, ఆట మనిషిని మార్చగలదని మరోసారి రుజువైందన్నారు.

సముద్రం ఒడ్డు జైల్లో ఆ సినిమా వేసిన రోజున అప్పలకొండ హాల్లో వెనకాల డ్యూటీ మీద నిలబడ్డాడు. తెర మీద తన మొహం ఊచలకు ఆనుకుని అరుస్తుంటే, ముందు కూర్చున్న ఖైదీలెవరూ నవ్వలేదు. అతను సీను అయ్యేదాకా ఆగలేక బయటికి వచ్చేశాడు.

మర్నాడు ఆ జైల్లో ప్రతి బ్యారక్ ముందూ, ఊచల్లోంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో, మూతా గ్లాసూ పెట్టిన నీళ్లకుండ ఒకటి వెలిసింది. దానికి ఉత్తర్వేమీ లేదు. పై అధికారుల దృష్టికి ఇంకా రాలేదు గనుక కుండలు అక్కడే ఉన్నాయి.